పంపు మీద గొంగళి

"గురువుగారూ, పని దాచిపెట్టేవాడు మనిషేనంటారా?" అని ఏడుకొండలు అడిగాడు.

పొద్దున్నే వచ్చి అడిగాడు. ఇంకా ఎండ ముదరలేదు, మీరా గారింటి అరుగు మీద ఆయనా నేనూ టీ తాగుతున్నాం. చొక్కా గుండీలు ఒకటి కిందా ఒకటి మీదా పెట్టుకుని, నిద్రలేని కళ్లతో వచ్చాడు. బాగున్నారా అన్న మాట కూడా లేకుండా ముందు ప్రశ్న వేసి తర్వాత కూర్చున్నాడు. నాగుల్‌మీరా గారి గురించి తెలియనివాళ్లకి చెప్పాలి. చిలకలూరిపేట హైవే పక్కన లారీ షెడ్ల లైనులో ఇవాళ మేస్త్రి అనిపించుకునే ప్రతివాడూ ఒకప్పుడు ఆయన దగ్గర కిరసనాయిలుతో పిస్టన్లు కడిగినవాడే. మోకాళ్లు పట్టేసి ఆయన షెడ్డు మూసేసి చాలా కాలమైంది. అయినా ఎవరికి ఏ తంటా వచ్చినా ఆయన అరుగు దగ్గరికే వస్తారు. ఆయనకొక అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాడు వెంట నడవాలి. నడిచిన చోట జవాబు దొరికిందా సరే, దొరకలేదా ఆ పూటకి నడకే దక్కినట్టు. నాకైతే ఈ అలవాటు చిరాకు. నోటితో తేలిపోయే దానికి కాళ్లనెందుకు నొప్పించడం అని ఆయన మొహం మీదే అన్నాను కూడా.

ఆ రోజు మాత్రం ఆయన వెంటనే లేవలేదు. ఏడుకొండలు వాలకం చూసి, "ముందు సంగతి చెప్పు అబ్బాయ్," అన్నారు.

సంగతి ఇది. దర్శి వైపు మనిషి పేరిరెడ్డి అని, ఆయనకి ఉన్నది ఒకటే లారీ, తనే ఓనరు, తనే డ్రైవరు. కొత్త రకం బండి. గుంటూరు యార్డులో మిరపకాయల లోడు ఎత్తాల్సి ఉండగా ఇంజన్ పట్టు తప్పింది. పేరిరెడ్డి దాన్ని ఏడుకొండలు షెడ్డుకి తెచ్చాడు. ఏడుకొండలు స్కానరు తగిలించి చూస్తే ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టరు ఒకటి చెడిందని తేలింది. కొత్తది తెప్పించి బిగించాడు. బిగింపులో లోపం లేదు, అది నేను చెప్పగలను, ఎందుకంటే ఆ సామాను నా స్పేర్ పార్టుల కొట్టునుంచే వెళ్లింది, బిగిస్తుంటే నేను పక్కనే ఉన్నాను. అయినా బండి స్టార్టయినట్టే అయి ఆగిపోతోంది. కొత్త ఇంజెక్టరు వచ్చి కూర్చుందని ఇంజన్‌లో ఉన్న కంప్యూటరుకి చెప్పాలట. చెప్పాలంటే కంపెనీవాళ్ల దగ్గరుండే తాళం కావాలట. తాళమంటే ఇనప తాళం కాదు, కంప్యూటరులో కొట్టే సంకేతం. దాన్ని బయటి మేస్త్రులకి ఇవ్వరట. ఏడుకొండలు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు, బతిమాలాడు, చివరికి చేతులెత్తేశాడు. ఆ పూట ఇంకో బండి వచ్చి పేరిరెడ్డి లారీని తాడు కట్టి కంపెనీ వర్క్‌షాపుకి లాక్కుపోతుంది. తన కాళ్ల మీద వచ్చిన బండి తాడు కట్టించుకుని పోవడం ఏడుకొండలు షెడ్డులో అదే మొదలు.

"తప్పు పని చేశానా గురువుగారూ? విప్పాను, పెట్టాను, బిగించాను. చివరాఖరి మెట్టు ఒక్కటి నాకు కనపడకుండా దాచేశారు. పేరిరెడ్డి నా మొహంలోకి చూస్తున్నాడు, వీడికి చేతకాలేదని. చేతకాకపోవడం వేరు, చూడనివ్వకపోవడం వేరు కదా. మీరు మమ్మల్ని ఇట్టా చేశారా ఎప్పుడన్నా? అంతా విప్పి మా ముందర పోసి నేర్పారు. మీలాంటాయన దొరికాడు కాబట్టి ఈ రెండు చేతుల్తో బతికాం," అన్నాడు.

చేతులు అన్నప్పుడు రెండూ ఎత్తి చూపించాడు. ఎడమ చేతికి చూపుడు వేలూ మధ్య వేలూ లేవు. షెడ్డు పెట్టిన కొత్తల్లో నడుస్తున్న ఇంజన్ ఫ్యాను వాటిని పట్టుకుపోయింది. దాని గురించి ఏడుకొండలు ఏనాడూ బాధపడగా చూడలేదు. ఐటీఐ చదివినవాళ్లకి కాగితం ఇచ్చారు, మా గురువుగారి విద్యలో నాకిచ్చిన సర్టిఫికెట్టు ఇది అని నవ్వుతూ చూపించే మనిషి. అతని షెడ్డులో వెంకటేశ్వరస్వామి పటం పక్కన మీరా గారి ఫోటో ఉంటుంది, ఏ బండి పని ముగిసినా ఆ రెండింటికీ దండం పెట్టాకే తాళం తిప్పుతాడు. పిల్లల చదువుకీ, పెళ్లికీ, స్థలం కొనడానికీ అన్నిటికీ ఈయన్ని అడిగే చేశాడు. ఒక్క మాటలో చెప్పాలంటే, ఏడుకొండలు బతుకంతా గురువు మీద పెట్టుకున్న నమ్మకం మీద నిలబడి ఉంది. నేను చెప్పబోయే దాంట్లో పోయేదేమన్నా ఉంటే అదే, అందుకని ముందే చెబుతున్నాను.

మీరా గారు ఆ చేతి వంక కాస్త ఎక్కువసేపే చూశారు. గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకున్నారు. "షావుకారుగారూ, మీరూ రండి," అన్నారు నాతో.

షెడ్డుకి నడక ఎంతో కాదు గానీ ఆయన మోకాళ్లతో అది చిన్న ప్రయాణమే. ఏడుకొండలు ముందు నడుస్తూ కంపెనీవాళ్లని తిడుతూనే ఉన్నాడు. నేను వినడం మానేసి నా ఆలోచనల్లో నేను పడ్డాను. మారిపోయింది మారిపోయింది అని అందరూ అంటారు, ఎంత మారిందో స్పేర్ పార్టుల కొట్టు కౌంటరు వెనక కూర్చున్నవాడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. పూర్వం మిర్చి సీజనుకి ముందు లారీలు మా లైనులో వరస కట్టేవి. ఇంజన్ దించారంటే రోజుల తరబడి పని. హెడ్డు విప్పాలి, లేతు షెడ్డుకి పంపి సిలిండర్లు బోరు చేయించాలి, వాల్వులకి పేస్టు రాసి రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పి తిప్పి అరగదీయాలి. డ్రైవరూ క్లీనరూ షెడ్డులోనే వండుకుని తిని బండి కిందే పడుకునేవాళ్లు. తమ ఇంజన్ కడుపులో ఏముందో వాళ్లు కళ్లారా చూసేవాళ్లు. బిగించి పంపాక కూడా కొన్నాళ్లు మెల్లగా నడపమని మేస్త్రి వంద జాగ్రత్తలు చెప్పేవాడు. ఇప్పుడు బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూతలు కనిపిస్తాయి. మేస్త్రి తీగ తగిలిస్తాడు, తెర మీద నంబరు వస్తుంది, ఆ నంబరు నాకు ఫోనులో పంపుతాడు, నేను అట్టపెట్టె పంపుతాను. చెడిన సామాను బాగుచేయడమన్న మాటే లేదు, పీకి అవతల పారేయడమే. ఆయిలు ఎప్పుడు మార్చాలో కూడా బండే చెబుతుంది. నేనేదో పాతకాలం పోయిందని ఏడుస్తున్నానని అనుకోవద్దు. ఇప్పటి ఇంజన్లు నిజంగా మంచివి. దారి మధ్యలో బానెట్ ఎత్తుకుని దిక్కులు చూసే లారీ ఈమధ్య కనపడటమే తగ్గింది. అది నా వ్యాపారానికి దెబ్బే గానీ నిజం నిజమే కదా.

ఇంత మారినా మా లైనులో మారకుండా నిలిచింది ఒక్కటి, గొంగళి. బయటి ఊళ్లవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. పాత ఇంజన్లకి డీజిల్ పంపు టైమింగే ప్రాణం. పంపు డీజిల్ చిమ్మడం ఏ కొంచెం ముందైనా ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది, ఏ కొంచెం వెనకైనా పొగ కక్కుతూ నీరసిస్తుంది. అందుకని మేస్త్రి చివర్లో ఇంజన్ నడుస్తుండగానే పంపు బోల్టులు వదులు చేసి, పంపుని అటో ఇటో వెంట్రుకవాసి జరిపి బిగిస్తాడు. ఆ పని చేసేటప్పుడు మీరా గారు నల్ల గొంగళి తల మీంచి కప్పుకుని ఇంజన్ మీదికి వంగేవారు. రోహిణి కార్తె ఎండలో, సెగలు కక్కే ఇంజన్ మీద, బొచ్చు గొంగళి కింద మనిషి. బయటికొచ్చేసరికి ఆయన ఒళ్లు తడిసి ముద్దయ్యేది, ఇంజన్ మాత్రం మెత్తగా మాట్లాడేది. ఆయన చెయ్యి పడ్డ బండికి ఉండే లాగుడు ఇంకే మేస్త్రి చేతా రాలేదు. గొంగళి ఎందుకు గురువుగారూ అని అడిగిన శిష్యులకి ఆయన ఏమీ చెప్పలేదు. ఆయన చెప్పకపోతే వాళ్లు ఊరుకుంటారా, వాళ్లే చెప్పుకున్నారు. రోడ్డు మీద గోల చెవిన పడకుండా ఇంజన్ మాట ఒక్కటే వినపడటానికి అన్నారు. నల్ల గొర్రె బొచ్చుదైతేనే బయటి మోత ఆగుతుందన్నారు. ఉతికితే గుణం పోతుందన్నారు. ఒక్కొక్కడూ మేస్త్రి అయి షెడ్డు పెట్టుకున్నప్పుడు పానాలూ సుత్తులతో పాటు ఒక గొంగళి కూడా కొన్నాడు. గొర్రెలవాళ్ల దగ్గర నేయించి నేనే తెప్పించేవాణ్ణి. బేరింగుల పక్కన గొంగళ్లు వేలాడే స్పేర్ పార్టుల కొట్టు ఇంకెక్కడన్నా ఉంటే నాకు చూపించండి. ఇప్పటి మెకానిక్కులు స్కానరు తగిలించేటప్పుడు కూడా దాని మీద గొంగళి ముక్క ఒకటి కప్పుతారు. కప్పకపోతే నంబరు సరిగ్గా రాదట.

మేం షెడ్డు చేరేసరికి పేరిరెడ్డి తన లారీ మెట్టు మీద మొహం మాడ్చుకుని కూర్చుని ఉన్నాడు. ఆ పక్కనే ఒక పాత లారీ, ఇప్పుడు మంచినీళ్ల ట్యాంకరుగా తిరుగుతోంది, బానెట్ ఎత్తి ఇంజన్ నడుస్తోంది. ఇంజన్ మీదికి వంగి గొంగళి కింద ఒక వీపు కనిపిస్తోంది. అంచులన్నీ శ్రద్ధగా లోపలికి దోపుకుని, ఎక్కడా సందు లేకుండా కప్పుకున్నాడు. ముందు వైపు చెంగు ఒకటి మాత్రం జారి, ఫ్యాను గాలికి ఎగిరి ఎగిరి పడుతోంది.

మీరా గారు గేటు దగ్గరే ఆగిపోయారు. "ఎవరది లోపల?" అన్నారు.

"మా దాసు గురువుగారూ. నమ్మకస్తుడు. ఈమధ్యనే పంపు టైమింగ్ వాడికి అప్పజెప్పాను. మీ పద్ధతే, ఏం మార్చలేదు," అన్నాడు ఏడుకొండలు, కొంచెం గర్వంగానే.

"వాడు లోపల, నువ్వు బయట. మరి ఎవరికి కనపడకూడదని కప్పాడు?"

ఏడుకొండలుకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అర్థం కాలేదు. "కనపడకపోవడమేంది గురువుగారూ. వినపడటానికి కదా," అన్నాడు.

మీరా గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నేళ్ల స్నేహంలో నేను ఆయన్ని అట్లా చూడలేదు. ఇల్లు కాలుతుంటే చూసినవాడి మొహంలా ఉంది. మోకాళ్లు వంగని మనిషి పరుగులాంటి నడకతో పోయి, గొంగళి అంచు రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగారు. లోపల దాసు, ముప్ఫై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, చేతిలో పానాతో అట్లాగే బిత్తరపోయి చూశాడు. గొంగళి నేల మీద పడింది. మీరా గారు దాన్ని తొక్కుకుంటూ వెళ్లి ఇంజన్ పక్కన నిలబడ్డారు. మా లైనులో గొంగళికి పొరపాటున కాలు తగిలితే వంగి కళ్లకద్దుకుంటారు. షెడ్డులో పనివాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ముసలాయనకి మతి తప్పిందనే అనుకున్నాను.

"అందరూ ఇట్టా దగ్గరికి రండి. ఏడుకొండలూ, నువ్వు కూడా. దాసూ, పంపు నువ్వే తిప్పు. పొగగొట్టం వంక చూస్తూ తిప్పు," అన్నారు.

దాసు భయపడుతూ, "వినాలి కదండీ పెద్దాయన," అన్నాడు.

"విను. విను, చూడు. అల్లా రెండూ ఇచ్చాడు కదా."

దాసు పంపుని ఇంజన్ వైపు కొద్దిగా జరిపాడు. టకటక మోత లేచింది. "అక్కడ గుర్తు పెట్టుకో. ఇప్పుడు వెనక్కి. ఇంకొంచెం. గొట్టం చూడు," అన్నారు మీరా గారు. గొట్టంలోంచి తెల్లటి పొగ రావడం మొదలైంది, అందరం చూశాం. "మోత లేచిన చోటొకటి, పొగ లేచిన చోటొకటి. ఆ రెంటికీ నడుమ బిగించెయ్." దాసు బిగించాడు. ఇంజన్ ఒక్కసారి సర్దుకుని మెత్తగా తిరగసాగింది. ఇది చెప్పడానికి నాకెంతసేపు పట్టిందో చేయడానికి వాడికీ అంతే పట్టింది. ట్యాంకరు డ్రైవరు పాతకాలపు మనిషి. ఎక్కి యాక్సిలరేటరు ఒకసారి తొక్కి చూసి, కిందికి దిగి మీరా గారికి దండం పెట్టి, "ఇది మీ చెయ్యి, నాకు తెలుసు," అన్నాడు. చెయ్యి దాసుది.

ఏడుకొండలు వంగి పంపు వంకా, తిరిగి గొట్టం వంకా చూశాడు. "ఇంతేనా గురువుగారూ?" అన్నాడు.

"ఇంతే."

"పొగ చూడాలా?"

"సగం పని అదే."

"మాకెవరికీ తెలీదే. నేను ఇన్నేళ్లూ చెవితోనే పెట్టాను. పెట్టినప్పుడల్లా డ్రైవర్లు అనేవాళ్లు, బాగానే ఉంది గానీ మీరా గారి చెయ్యి వేరు అని. అది మీకు పుట్టుకతో వచ్చిన వరం అనుకున్నాను. నాకు ఆ ప్రాప్తం లేదనుకున్నాను." అతని గొంతు అప్పటికింకా మామూలుగానే ఉంది. "మరి మీరు మాత్రం గొంగళి కిందనుంచి పొగ ఎట్టా చూశారు?"

"గొట్టం వైపు అంచు ఎత్తి పెట్టుకునేవాణ్ణి. మీరు నిలబడే వైపు దోపుకునేవాణ్ణి."

"మరి గొంగళి ఎందుకు?"

"మీరు చూడకుండా."

ఆ మాట మేమందరం విన్నాం. ఎవరో పోయి ట్యాంకరు ఇంజన్ ఆపేశారు. నా కొట్లో వేలాడే గొంగళ్లు కళ్ల ముందు ఆడాయి. మీరా గారు తల దించుకోలేదు. దాచుకోకుండా చెప్పాలని నిశ్చయించుకున్న మనిషి మాట్లాడినట్టు నిదానంగా చెప్పారు. "మా ఉస్తాద్ టైమింగ్ పెట్టే వేళకి మమ్మల్ని టీకి పంపించేవాడు. వచ్చేసరికి పని అయిపోయేది. అది చూసి చూసి నాకు కడుపు మండేది. నేను మేస్త్రినయ్యాక మిమ్మల్ని టీకి పంపడానికి నోరు రాలేదు. ఉండనిచ్చాను. ఉండనిచ్చి గొంగళి కప్పుకున్నాను. అది నేర్పేస్తే రేపు నా దగ్గరికి ఏ లారీ వస్తుందని."

ఏడుకొండలు తన ఎడమ చెయ్యి వంక చూసుకున్నాడు. ఏం జరగబోతోందో నాకప్పుడు తట్టింది. ఆ వేళ్లు ఊరికే పోలేదు. గొంగళి చెంగు ఫ్యానులోకి పోతే, గొంగళితో పాటు చెయ్యి పోయింది.

"నేను గుంటూరు ఆస్పత్రిలో ఉంటే మీరొచ్చారు," అన్నాడు.

"వచ్చాను."

"కొత్త గొంగళి తెచ్చి నా మంచం మీద పెట్టారు."

"పెట్టాను. పాతది చిరిగిపోయిందని విని తెచ్చాను." మీరా గారు అతని దగ్గరికి ఒక అడుగు వేశారు. "నా దగ్గర చేరినవాళ్లలో నీ అంత చురుకైనవాడు లేడు. నేను ఎందుకు కప్పుకుంటానో నీకు ఎప్పుడో తెలిసిపోయి ఉంటుందనుకున్నాను. నీ దగ్గరా పనివాళ్లు చేరారు, వాళ్లు చూడకుండా నువ్వూ కప్పుకుంటున్నావు అనుకున్నాను. దాచుకునేంత పని నా శిష్యుడి చేతికొచ్చిందని మురిసిపోయి తెచ్చాను అబ్బాయ్. ఇవాళ వాడు లోపలా నువ్వు బయటా ఉంటే గానీ నాకు అర్థం కాలేదు. నువ్వు దాచడానికి కప్పుకోలేదు. నమ్మి కప్పుకున్నావు."

"మురిసిపోయి తెచ్చారు," అని ఏడుకొండలు ఆ మాటే మళ్లీ అన్నాడు. అని, విప్పి పడేసిన టైరు మీద కూలబడ్డాడు. అతనికి కోపం వచ్చి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. కోపం లేదు, ఏడుపు లేదు, మొహం తుడిచేసిన పలకలా ఉంది. అవతల దాసు తన చేతులు రెండూ ముందుకు చాపుకుని, తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక అది మీరా గారి మీదికే తిరిగింది. ఆయన్ని పక్కకి లాగి, "ఇదంతా ఇప్పుడు చెప్పడం దేనికండీ? దాసుని పిలిచి ఫ్యాను దగ్గర గొంగళి వద్దురా అని ఒక్క మాట చెబితే సరిపోయేది కదా. వాడి చేతులు వాడికి ఉండేవి, మీ పరువు మీకు ఉండేది. ఆ ఏడుకొండలు ఇన్నేళ్లూ దేన్ని పట్టుకుని బతికాడో మీకు తెలియదా? ఈ వయసులో వాడి చేతిలోంచి అది లాగేసి ఏం బాగుపడతారు?" అన్నాను. ఆయన నా భుజం మీంచి లైనులో షెడ్ల వంక చూశారు. నేనన్నది తప్పని ఇప్పటికీ నేను అనుకోవడం లేదు, ఆయన చేసింది తప్పని కూడా అనలేకపోతున్నాను. చుట్టూ చూస్తే ఆ లైనులో షెడ్డుకో గొంగళి కనిపిస్తోంది, ఒక్క దాసుకి చెవిలో చెబితే ఎంతమందికి చెప్పినట్టు అనేది ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు.

ఇంతలో లాక్కుపోయే బండి వచ్చింది. పేరిరెడ్డి లారీకి తాడు కట్టారు. ఆ పూటంతా ఏడుకొండలు ఏ పరువు గురించి కుమిలిపోయాడో ఆ పరువు అతని కళ్ల ముందే గేటు దాటి పోతోంది. పేరిరెడ్డి కిటికీలోంచి తల బయటపెట్టి, "వస్తాను అన్నా, నీ తప్పేం లేదులే," అన్నాడు, మంచివాడు. ఏడుకొండలు తల ఊపాడు గానీ అటు చూడలేదు. లైనులో పక్క షెడ్లవాళ్లు కూడా అప్పటికే వచ్చి గుమిగూడారు. వార్త వాళ్ల దాకా పోయింది. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఎవరో నేల మీద పడ్డ గొంగళిని తీయబోయి, తీయాలో వద్దో తెలియక అక్కడే వదిలేశారు.

మీరా గారు ఇంటికి బయల్దేరారు. నేను చెయ్యి అందిస్తే పట్టుకున్నారు. రెండడుగులు వేశామో లేదో, వెనకనుంచి ఏడుకొండలు పిలిచాడు.

"మేస్త్రిగారూ," అన్నాడు.

ఊళ్లో మామూలుగా అందరూ పిలిచే పిలుపే అది. ఏడుకొండలు నోట మాత్రం ఆయన ఎప్పుడూ గురువుగారే, ఈ పిలుపు ఏనాడూ రాలేదు. మీరా గారు నా చెయ్యి వదిలేశారు. పిలుపు మారిందని షెడ్డులో ఉన్నవాళ్లందరికీ తెలిసింది.

"అప్పుడే మమ్మల్ని చూడనిచ్చి ఉంటే మీకేం పోయేది?" అని అడిగాడు ఏడుకొండలు. నిష్ఠూరంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

మీరా గారు అతని వైపు పూర్తిగా తిరిగారు. ఆ పిలుపు పిలిచిన నోటినే కాసేపు చూశారు.

"అది తెలుసుకుందామనే ఇవాళ గొంగళి తీశాను," అన్నారు.